పాడె ముందు మైకుండదు

కాడుగోడి రైల్వే స్టేషను వెనక వీధిలోని రామమందిరంలో, శనివారం సాయంత్రం భజన మొదలయ్యే ముందు ఒక తంతు జరిగేది. అది ఏ శాస్త్రంలోనూ లేదు. భజన గురువు ఓబళప్ప తాళాలు కళ్ళకద్దుకుని, గొంతు సవరించుకుని, మైకును నోటి దగ్గరికి లాక్కునేవాడు. మూలన మీటల పెట్టె ముందు కూర్చున్న మైకు సెట్టు పెద్దన్న ఆడవాళ్ళ వరుసలోకి చూసేవాడు. ఆ వరుసలో అందరికంటే ముందు ఓబళప్ప పెళ్ళాం పాపక్క కూర్చుని ఉండేది. ఆమె తల ఊపేది. ఊపగానే పెద్దన్న ఓబళప్ప మైకు ఆపేసేవాడు. అప్పుడు మొదలయ్యేది రాముడి పాట.

ఈ సంగతి తాళాలు కొట్టేవాళ్ళకు తెలుసు, డోలు వాయించేవాడికి తెలుసు, ప్రసాదానికి వచ్చే పిల్లలకూ తెలుసు. ఓబళప్పకు మాత్రం తెలియదు. ఆయన పాడింది ఆయన ఒళ్ళోనే పడిపోయేది. వెనక కూర్చున్న అంజి అనేవాడు రెండో మైకులో పాడే పాట స్పీకరు పెట్టెల్లోంచీ, మందిరం మీది హార్నులోంచీ వీధిలోకి పోయేది. పెట్టెల అదురు గుండెకు తగులుతుంటే అదంతా తన గొంతే అనుకునేవాడు ఓబళప్ప, పిచ్చి మారాజు.

పిచ్చి మారాజు అన్నామని మరీ కరిగిపోనక్కర్లేదు. ఓబళప్ప మంచి గొంతున్న చెడ్డ మనిషి. మడకశిర వైపు నుంచి కుర్రతనంలో వచ్చి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరాడు. పగలంతా పట్టాల మీద గడ్డపారతో పని, సాయంత్రమైతే భజన. ఆ వైపు నుంచి కూలికీ నాలికీ వచ్చి స్టేషను వెనక గుడిసెలు వేసుకున్నవాళ్ళను పోగేసి, రేకుల షెడ్డులో రాముడి పటం పెట్టి, వాళ్ళకు పాట నేర్పింది ఆయనే. షెడ్డు మందిరమైంది, గుడిసెలు మిద్దెలయ్యాయి. ఓబళప్ప పాడుతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళు బండి తప్పిపోయినా బాధపడేవాళ్ళు కాదని చెప్పుకునేవారు. అందులో కొంత అతి ఉంది గానీ, పూర్తిగా అబద్ధం కాదు.

ఆ గొంతుతో పాటు ఆయన ఒక నియమం కూడా పెట్టాడు. శ్రుతి తప్పినవాడూ, తాళం తప్పినవాడూ తన చేతి తాళాలు రాముడి పటం ముందు పెట్టి లేచిపోవాలి. గురువు పిలిచేదాకా మళ్ళీ గడప తొక్కకూడదు. ఓబళప్ప ఎవరినీ మళ్ళీ పిలిచిన పాపాన పోలేదు. ఒకసారి శ్రీరామనవమి నాడు, కొత్తగా పెళ్ళయిన పెద్దన్న తాళం ఒక్క దెబ్బ ముందు పడింది. పెద్దన్న అత్తగారి ఊరివాళ్ళంతా వచ్చి కూర్చుని ఉన్నారు. ఓబళప్ప పాట ఆపి, పెద్దన్న చేతుల్లోంచి తాళాలు తనే లాక్కుని పటం ముందు పడేశాడు.

“లెయ్యి. ఇంటికి పోయి నీ పెండ్లాం గిన్నెలు తోముతాంటే అవి వాయించుకో పో,” అన్నాడు.

కొత్త పెళ్ళికూతురు తల ఎత్తలేకపోయింది. పెద్దన్న మామూలు శిష్యుడు కాదు. గురువు గొంతులోని విరుపులన్నీ పట్టినవాడు. ఓబళప్ప తర్వాత గురువు పీట అతనిదేనని అందరూ అనుకునేవారు. ఆనాడు లేచిపోయినవాడు మళ్ళీ నోరెత్తి పాడలేదు. స్టేషను రోడ్డులో మైకు సెట్ల అంగడి పెట్టుకుని పెళ్ళిళ్ళకూ, ఓట్లకూ, వినాయకుడికీ అద్దెకిచ్చుకుంటూ బతికాడు. కొన్నేళ్ళకు మందిరానికి కూడా మైకు కావాల్సివచ్చింది. అలా పెద్దన్న మళ్ళీ లోపలికి వచ్చాడు. ఈసారి మూలన, మీటల వెనక కూర్చున్నాడు.

ఓబళప్పకు రిటైరయ్యాక చెవులు మందగించడం మొదలైంది. మొదట తాళాల చప్పుడు పోయింది. డోలు దెబ్బ వినబడేది, రైలు వినబడేది, తాళాలు మాత్రం దూదితో కొడుతున్నట్టుండేది ఆయనకు. “కూడు తినలేదేమిరా, గట్టిగా కొట్టండి,” అని తాళాలవాళ్ళను తిట్టేవాడు. తర్వాత ఆడవాళ్ళ గొంతులు పోయాయి, కుక్కరు కూత పోయింది, మనవరాలి మాటలు పోయాయి. మాట వినబడేది గానీ ఆ మాటేమిటో తెలిసేది కాదు. ఈ కాలం మనుషులకు నోరు తెరిచి మాట్లాడ్డం చేతకాదని ఆయన తేల్చేశాడు. పాపక్క మెల్లగా చెబితే “ఏంటికట్ల గొణుగుతావు?” అనేవాడు. గట్టిగా చెబితే “అరుస్తావేంటికి, నేనేమన్నా చెవిటోన్నా?” అనేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఆ ఎముకేమిటి కొరుకుతున్నావు అన్నాడట. ఓబళప్ప అంతకంటే ఒక మెట్టు పైన, శంఖం ఊదడం నీకు రాదు అనే రకం.

అత్తిబెలెలో కాపురముంటున్న కూతురు సుజాత ఒకసారి వచ్చి, తండ్రిని బలవంతంగా ఆసుపత్రికి లాక్కుపోయింది. వయసుతో వచ్చే చెవుడేననీ, సన్న శబ్దాలు ముందు పోతాయనీ, చెవిలో మిషను పెట్టుకుంటే చాలామటుకు సర్దుకుంటుందనీ డాక్టరు చెప్పాడు.

“చెవిలో మిషను పెట్టుకోని గురువు భజనకు కూచుంటే రాముడే నగుతాడు,” అన్నాడు ఓబళప్ప ఇంటికొచ్చి. “నాకేమీ చెవుడు లేదు. ఆ డాక్టరే నోట్లో నోట్లో గొణుగుతాండాడు.”

పాపక్క ఆ రోజు గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. మొగుడు ఎవరినో ఒకరిని తిడుతూ ఇంట్లో తిరుగుతుంటే ఆమెకు ధైర్యం. నోరు మూసుకుని కూర్చుంటే భయం. తిట్టనీలే అని ఊరుకుంది.

ఆ తర్వాత వచ్చిన ఒక శనివారం ఓబళప్ప పాట ఎత్తుకుంటే, అది హార్మోనియంతో సంబంధం లేకుండా ఎటో పోయింది. హార్ను దాన్ని తీసుకెళ్ళి వీధిలో పోసింది. కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్న ఆడవాళ్ళు బేరం ఆపి పైకి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఓబళప్ప కళ్ళు మూసుకుని పరవశంగా పాడుతూనే ఉన్నాడు. మూలన పెద్దన్న ముఖం వెలిగిపోయింది.

మర్నాడు పాపక్క పెద్దన్న అంగడికి వెళ్ళింది.

“రా అత్తా, కూచో. నువ్వొస్తావని తెలుసు,” అన్నాడు పెద్దన్న. “నియమం పెట్టింది మామే గదా. వచ్చే శనివారం మామ చేతుల్లోని తాళాలు నేనే తీసి పటం ముందర పెడతా. ఎన్నేండ్లుగానో కాసుకోని ఉండా దీనికి.”

“భజన లేకుంటే ఆయప్ప బతకడు రా.”

“నన్ను లేపినప్పుడు నేను బతకలేదా?”

ఆనాడు పాపక్క కూడా ఆడవాళ్ళ వరుసలోనే ఉంది, ఆమె కూడా నోరు మెదపలేదు. అంగడి నిండా పేర్చిన పెట్టెల్నీ, చుట్టలు చుట్టిన వైర్లనీ కాసేపు చూస్తూ నిలబడింది. ఆ మాట ఆమె నోటినుంచే వచ్చింది, పెద్దన్నకు కూడా తట్టని మాట.

“ఆ మైకొకటి ఆపేస్తే?”

పెద్దన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద చేత్తో కొట్టి మరీ నవ్వాడు.

“అత్తా, నాకీ బుద్ధి పుట్టలేదే! లేపేస్తే ఒక్క దినం నగుతారు జనాలు. ఇట్లయితే వారం వారం నగుతారు.” నవ్వు ఆపుకుని, మళ్ళీ అన్నాడు. “కానీ ఒక మాట. రేపు తప్పు నా మీదికి రాకూడదు. నువ్వు తలకాయ ఊపితేనే ఆపుతా. ప్రతి శనివారమూ ఊపల్ల. ఊపలేదనుకో, మామ మైకు స్టేషను దాకా ఇనపడేట్లు ఎత్తేస్తా.”

పాపక్క ఒప్పుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి ఉన్నప్పుడు మనిషి ఎటో ఒకవైపు పడాలి గదా. గురువు పీట మీద మొగుడు కూర్చుని ఉంటే చాలనుకుంది. అదే ఆమెకు కావలసింది, ఆమె ప్రాణమంతా ఆ పీట మీదే ఉంది.

పెద్దన్న మాట తప్పలేదు. వారం వారం నవ్వుకున్నారు జనం. ముందు వరుసలో తాళాలవాళ్ళు పెదవులు కొరుక్కుంటూ కూర్చునేవారు. టీ అంగడి దగ్గర పనీపాటా లేని కుర్రకారు ఓబళప్ప కనబడగానే, గొంతు బయటికి రాకుండా పెదాలు మాత్రం ఆడించేవాళ్ళు. ఆయన ఏదో విన్నట్టు “అవునవును, మరేమనుకుంటిరి” అని తల ఆడించి ముందుకు పోయేవాడు. వెనక నవ్వులు. పాపక్క ఒకసారి కళ్ళారా చూసింది. ఇంటికొచ్చి, మొగుడి పంచె ఉతుకుతున్నానని చెప్పి దాన్ని బండకేసి చినిగిపోయేట్టు బాదింది.

ఓబళప్పకు మాత్రం అవి వైభవంగా గడిచిన రోజులు. అంజి గొంతు వీధిలో పోతుంటే, జనం ఆ పాటను మెచ్చుకుంటుంటే, ఆ మెప్పంతా తనదే అనుకున్నాడు. ధీమా పెరిగేకొద్దీ నోరూ పెరిగింది. శ్రుతి తప్పని వాళ్ళను కూడా శ్రుతి తప్పారని లేపేశాడు. ఒకనాడు భోజనం చేస్తూ, ఎన్నడూ లేనిది, పెళ్ళాంతో మెత్తగా అన్నాడు.

“నేను ఎత్తుకునేటప్పుడు నువ్వు ముందర కూచోని తలకాయ ఊపుతావు చూడు, అది సాలు నాకు. ఊరోల్లు మెచ్చుకునేది ఒక ఎత్తు, అదొక ఎత్తు.”

ఆ పూట పాపక్క నిజం చెప్పేద్దామా అనుకుంది. చెవి దగ్గర మెల్లగా చెప్పే రోజులు అప్పటికే దాటిపోయాయి. మొదట్లోనే అయితే పక్కన కూర్చుని మామూలు గొంతుతో చెప్పినా సరిపోయేది. ఆలస్యమయ్యేకొద్దీ ఆయన చెవులు ఇంకా మూసుకుపోయాయి, ఈమె గొంతు ఇంకా పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు ఆయనకు వినబడేట్టు చెప్పాలంటే అరవాలి, అరిస్తే నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. కాగితం మీద రాసి చూపిద్దామంటే ఆమెకు అక్షరం ముక్క రాదు. ఇంకొకరిచేత రాయించడమంటే ఊళ్ళో టముకు వేయించడమే.

పాపక్క తల్లి సొన్నమ్మ వాళ్ళింట్లోనే ఉండేది. తొంభై దాటిన మనిషి. మంచం దిగి చాలా ఏళ్ళయింది, ఆమెకూ చెవులు లేవు. కొడుకులు లేని ఆ ముసలమ్మకు అల్లుడంటే ప్రాణం. అల్లుడి పాట ఎప్పుడో విన్నది, ఆ విన్నదాన్నే పట్టుకుని ఉంది. లోకంలో ఓబళప్ప పాటను ఇంకా నమ్ముతున్నది ఆమె ఒక్కతే. ఒకనాడు అల్లుణ్ణి పిలిచి చెయ్యి పట్టుకుంది.

“నా పాడె ముందర నువ్వే పాడల్లప్పా. వేరేవోల్లు పాడితే నేను లేచి కూచుంటా,” అంది.

ఇద్దరు చెవిటివాళ్ళ మధ్య ఆ మాట ఎలా చేరిందో గానీ, చేరింది. ఓబళప్ప ఆమె చేతిలో చెయ్యి వేశాడు. గది గుమ్మంలో నిలబడి చూస్తున్న పాపక్కకు ఒక్కటే తట్టింది. పాడె ముందు మైకుండదు. పెట్టెలుండవు, అంజి ఉండడు. ఆ వీధిలో నిండు వయసున్నవాళ్ళు పోతే, గురువు ఒక్కడే ముందు నిలబడి ఒట్టి గొంతుతో పాట ఎత్తుకోవాలి. ఎత్తుకున్న తర్వాతే పాడె లేవాలి. అంతవరకూ తప్పెట్లు కూడా మోగకూడదు. ఆ ఆచారం ఓబళప్ప పెట్టింది కాదు, వాళ్ళ పెద్దలు ఊళ్ళనుంచి మూటగట్టి తెచ్చుకున్నది. ఆ రోజునుంచి తల్లి ఎక్కువకాలం బతకాలని పాపక్క మొక్కని దేవుడు లేడు. తల్లి మీద ప్రేమ ఎంత, మొగుడి పరువు మీద భయం ఎంత అని అడిగితే ఆమె కూడా చెప్పలేదు.

దేవుళ్ళు మాత్రం ఎన్నాళ్ళు వింటారు. మాఘమాసంలో ఒక పొద్దున సొన్నమ్మ కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఒరిగిపోయింది.

ఎండ ఎక్కేసరికి వాకిలి నిండిపోయింది. సొన్నమ్మను చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు కూడా వచ్చారు. అవతలి వీధిలో ఎన్నడూ ఈ గడప తొక్కనివాళ్ళు గోడవార నిలబడి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. టీ అంగడి కుర్రకారంతా అక్కడే ఉంది. పెద్దన్న తెల్ల చొక్కా వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు నవ్వు ముఖంతో వచ్చాడు. చచ్చింది తన తల్లి, వీళ్ళకు వినోదం తన మొగుడు అని పాపక్కకు అర్థమైంది. ఏడుపు కూడా రాలేదు ఆమెకు.

పెద్దన్నను పక్కకు పిలిచింది.

“నీ కాల్లు పట్టుకుంటా పెద్దన్నా. బ్యాటరీ మైకు ఒకటి తోపుడుబండి మీద తేరా. అంజిని పాడమందాం.”

“పాడె ముందర మైకా అత్తా?” పెద్దన్న చెంపలు వేసుకున్నాడు. “పెద్దోల్ల ఆచారం గదా, తప్పితే నీకే పాపం. మీయమ్మ ఏం కోరుకుండాదో నీకు తెలీదా ఏమి?”

అంజి దగ్గరికి వెళ్ళింది. “నేను ఎత్తుకుంటే మామ నన్ను అక్కడే తంతాడత్తా,” అని వాడు జనంలోకి జారుకున్నాడు. వాడు చెప్పింది నిజమే.

ఓబళప్ప తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టి, తలపాగా చుట్టి, తాళాలు పట్టుకుని బయటికి రాబోతున్నాడు. ముఖంలో దుఃఖమూ ఉంది, అంతకంటే ఎక్కువ ఠీవి ఉంది. పాపక్క ఆయన చెయ్యి పట్టుకుని వెనకనున్న బచ్చలింట్లోకి లాక్కెళ్ళి, స్నానాల గది రేకు తలుపు మూసింది. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గొంతు మీద వేలు పెట్టి చూపించింది.

“ఏమి? దప్పికా?” అన్నాడు ఆయన.

“పాడొద్దు,” అంది చెవి దగ్గర.

“గొణగొద్దే, సరిగ్గా చెప్పు.”

“పాడొద్దు! గొంతు బాగలేదు నీకు!”

“మొన్న శనివారం స్టేషను దాకా ఇనపడిందని అందురూ చెప్పినారు. నా గొంతుకేమి?” ఆయన తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. “మీయమ్మకు చేతిలో చెయ్యేసినా నేను. తప్పుకో.”

బయట నిశ్శబ్దంగా ఉంది. పాడె సిద్ధమైంది. మోసేవాళ్ళు నాలుగు వైపులా వంగి నిలబడ్డారు. తప్పెట్లవాళ్ళు కర్రలు పైకెత్తి, గురువు ఎప్పుడు ఎత్తుకుంటాడా అని చూస్తున్నారు. అంతమంది జనంలో దగ్గిన చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దంలోకి పాపక్క అరిచింది.

“నీకు చెవులు ఇనపడవు! నీ పాట శ్రుతిలో లేదు! నువ్వు పాడితే మాయమ్మ పాడె ముందర ఊరంతా నగుతాది!”

“శ్రుతికేమైంది?”

“మైకు ఆపేసినారు! నీ మైకు ఆపేసినారు! ఎన్నేండ్లుగానో ఆపేసినారు! పెట్టెల్లో వచ్చేది అంజి పాట, నీది కాదు!”

చివరిది ఆయనకు అందింది. గొళ్ళెం మీది చెయ్యి ఆగింది. ఆయన పెళ్ళాం ముఖంలోకి చూశాడు. ఆమె మళ్ళీ అరిచింది, ఈసారి ఒక్కొక్క మాటా విడదీసి. వీధిలో ఆఖరి మనిషికి కూడా వినబడింది. ఎవరో నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

“ఎవురు ఆపింది?”

“పెద్దన్న!”

ఓబళప్ప తలుపును ఒక్క తోపు తోశాడు. “యాడుండాడు ఆ నా కొడుకు!” అని గర్జించాడు. పెద్దన్న ఎక్కడికీ పారిపోలేదు. అరుపులు విని వెనక్కి వచ్చి, తలుపు ముందే నిలబడి ఉన్నాడు. మైకు అక్కర్లేని గొంతు అతనిది.

“ఆపింది నేనే మామా! ఆపమనింది ఎవురో గూడా అడుగు!”

ఓబళప్ప వెనక్కి తిరిగాడు. పాపక్కకు మళ్ళీ అరిచే ఓపిక లేకపోయింది. చెయ్యి ఎత్తి తన గుండె మీద పెట్టుకుంది. ఆ ఒక్కమాట చెప్పడానికి గొంతు అవసరం రాలేదు.

ఆయన కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

“ముందర కూచోని తలకాయ ఊపుతాంటివి గదే, వారం వారం,” అన్నాడు చివరికి. “అది అందుకా?”

పాపక్క తల ఊపింది.

ఓబళప్ప బయటికి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన పాడె దగ్గరికి వెళ్ళి, చేతిలోని తాళాలను సొన్నమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు. తలపాగా ఊడదీసి భుజాన వేసుకున్నాడు. వచ్చి గడప మీద, చెంబులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాడు. తన నియమం తన చేత్తోనే తీర్చుకున్నాడు, ఎవరూ లాక్కోవలసిన అవసరం లేకుండా. ఎన్నాళ్ళుగానో ఈ ఘడియ కోసం కాచుకున్న పెద్దన్న ముఖంలో నవ్వు లేదు. ఆ తాళాలు చాలాసేపు అక్కడే ఉన్నాయి. అంజి తీయలేదు, ఎవరూ తీయలేదు. మోసేవాళ్ళ నడుములు నొప్పి పుడుతున్నాయి. పెద్దన్నే వంగి వాటిని తీసుకుని, కళ్ళకద్దుకుని, పాట ఎత్తుకున్నాడు.

పాడె లేచింది. తప్పెట్లు మోగాయి. మగవాళ్ళంతా కదిలి రైలు పట్టాల అవతలి శ్మశానం వైపు సాగిపోయారు. ఆడవాళ్ళు ఆగిపోయి, వాకిట్లో నీళ్ళు చల్లడం మొదలుపెట్టారు. అల్లుడు వెంట వెళ్ళాలని ఎవరో సైగ చేశారు. ఓబళప్ప కదల్లేదు. పాపక్క వచ్చి ఆయన పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది.

పాట స్టేషను మలుపు తిరిగి ఇంకా వినబడుతూనే ఉంది. ఓబళప్పకు తప్పెట్ల అదురు కూడా అందడం మానేసినట్టుంది. ఆయన తల తిప్పి పెళ్ళాన్ని చూశాడు.

“ఇంకా పాడతాండాడా?”

ఆమె అవునన్నట్టు సైగ చేసింది.

“ఎట్ల పాడతాండాడు?”

పాపక్క చెవి అటు పెట్టింది. పెట్టనక్కర్లేదు, అప్పటిదాకా ఆమె వింటున్నది అదే. అది ఓబళప్ప పాట. రేకుల షెడ్డు రోజుల్లో, పని దిగి గ్రీజు మరకల చేతులతో వచ్చి కూర్చుని ఆయన పాడిన పాట. అదే ఎత్తుగడ, అదే విరుపు, చరణం చివర గొంతును కొంచెంసేపు వదలకుండా పట్టుకునే అదే పద్ధతి. తల్లి పోయిందని పొద్దుట్నుంచీ రాని ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది. ఆ పాట అంత బాగుంది. అంత బాగుండడం ఆమె భరించలేకపోయింది.

“బాగలేదు!” అని అరిచింది. “శ్రుతే లేదు వానికి!”

నీళ్ళు చల్లుతున్న ఆడవాళ్ళు చెంబులు ఆపి ఆమెను చూశారు. ఓబళప్ప కూడా ఆమె ముఖాన్నే చూస్తున్నాడు, కారుతున్న కళ్ళను.

“నాది బాగుండాదని చెప్పినట్లే వానిది బాగలేదని చెప్తాండావు,” అన్నాడు. గొంతులో కోపం లేదు. “ఇంగ నువ్వేం చెప్పినా నాకెట్ల తెలిసేది?”

పాపక్క జరిగి ఆయన దగ్గరికి వెళ్ళింది. భుజం మీద చెయ్యి వేసి, చెవికి నోరు ఆనించి, ఈసారి నిజమే చెప్పింది. “నీ మాదిరే పాడతాండాడు. అచ్చం నీ మాదిరే.” ఇరుగుపొరుగంతా వినేట్టు అరిచి చెప్పింది. ఓబళప్ప ఖాళీ అయిన వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ చెప్పమని అడగలేదు.